సాక్ష్యం పొలంలో ఉన్నప్పుడే: నల్గొండ వినియోగదారుల కమిషన్‌లో మా విత్తనం కేసు

ఫ్యానో ఫ్రిజ్జో చెడిపోతే అది ఇంట్లోనే పడి ఉంటుంది. ఆర్నెల్ల తర్వాతైనా తీసి చూపించొచ్చు. విత్తనం అట్ల కాదు. గింజ మట్టిలో కలిసిపోతుంది. దాని తప్పు కంకి బయటికొచ్చినప్పుడు గానీ కనపడదు. కనపడ్డాక కూడా కోత దాకానే ఉంటుంది. పొలంలో మిషన్ దిగిందంటే సాక్ష్యం మొత్తం పోయినట్టే. మా కేసు కమిషన్‌లో రెండేళ్లకు పైగా నడిచింది కానీ, అది గెలిచింది మాత్రం పంట నిలబడి ఉన్న ఆ కొద్ది వారాల్లోనే. అందుకే కమిషన్ కంటే ముందు ఆ వారాల గురించే ఎక్కువ రాస్తున్నాను.

మాది నిడమనూరు మండలం, సాగర్ ఎడమ కాలువ కింద ఊరు. సొంతం రెండెకరాలు, కౌలుకు ఇంకో రెండెకరాలు. 2022 వానాకాలంలో నాయిన సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, వేద్దామనుకున్నాడు. మిర్యాలగూడ మిల్లులు సన్నాలకే మంచి ధర పెడతాయి కాబట్టి ఈ వైపు అందరి చూపూ దాని మీదనే. ఎకరానికి ఒకటి చొప్పున 25 కిలోల సంచులు నాలుగు తెచ్చాడు. సంచి 1,150 రూపాయలు, మొత్తం 4,600. షాపాయన ముందు తెల్లకాగితం మీద రాసిచ్చాడట. నాయిన ఊకోలేదు. "సేటూ, రకం పేరు, లాట్ నంబరు ఏసి అచ్చు బిల్లు ఇయ్యి, లేకుంటే సంచులు ఈడనే దించుతా" అన్నాడు. విత్తనం అమ్మిన ప్రతి డీలరూ బిల్లు ఇచ్చి తీరాలని 1983 నాటి విత్తనాల నియంత్రణ ఉత్తర్వులోనే ఉంది. ఆ సంగతి నాయినకు తెలియదు, నాకూ అప్పటికి తెలియదు. పాత అలవాటు కొద్దీ అడిగాడు, అంతే.

అక్టోబరులో చేను తేడా కొట్టింది. సాంబ మసూరి నూటనలభై అయిదు, నూటయాభై రోజుల పంట. మిగతా చేను ఇంకా పొట్ట కూడా పట్టకముందే మధ్య మధ్యన కొన్ని మొక్కలు ఎత్తుగా పెరిగి ఈనేశాయి. గింజ చూస్తే లావు. మా దిక్కు వీటిని కేళీలు అంటారు. ఎంత మంచి విత్తనంలోనైనా ఒకటీ అరా ఉంటాయి, పీకేస్తారు. ఇక్కడ పీకితే పొలం ఖాళీ అయ్యేటట్టు ఉంది.

నాయిన ముందు షాపుకే పోయాడు. షాపాయన మర్యాదగానే మాట్లాడాడు. "కంపెనీవాళ్లకు చెప్తా కాకా, యాసంగికి రెండు సంచులు ఉత్తగనే ఇప్పిస్తా, లొల్లి ఎందుకు" అన్నాడు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. వాళ్లను తప్పు పట్టలేను, మళ్లీ అప్పు మీద ఎరువులు తెచ్చుకోవాల్సింది ఆ షాపులోనే కదా.

నేను నల్గొండ ఎన్‌జీ కాలేజీలో డిగ్రీ చదివాను. వినియోగదారుల చట్టం గురించి పాఠంలో ఒక పేజీ ఉండేది. దాన్ని గుర్తుచేసుకుని 1915కు ఫోన్ చేశాను. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులోనే మాట్లాడి, ఫిర్యాదు రాసుకుని నంబరు ఇచ్చారు. వాళ్లు పంపిన ఫిర్యాదుకు కంపెనీ రెండు లైన్ల జవాబిచ్చింది: విత్తనంలో లోపం లేదు, యాజమాన్య పద్ధతులు సరిగా పాటించి ఉండరు. హెల్ప్‌లైన్ రాజీ కోసమే ప్రయత్నిస్తుంది, తీర్పు చెప్పదు. అయినా ఆ ఫోన్ వృథా కాలేదు. మేము అక్టోబరులోనే ఫిర్యాదు చేశామనడానికి అది తేదీతో సహా రుజువైంది.

ఇక అసలు పని. మండల వ్యవసాయ అధికారికి అర్జీ పెట్టాం. రెండు కాపీలు తీసుకుపోయి, ఒకటి ఆయనకిచ్చి, రెండోదాని మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకున్నాం. నోటిమాటగా చెప్తే సార్లు వచ్చి చూస్తారు, పోతారు. కాగితం మీద ఏమీ మిగలదు. అర్జీలో విస్తీర్ణం, సర్వే నంబర్లు, నారు పోసిన తేదీ, నాటు తేదీ, లాట్ నంబరు, బిల్లు నంబరు అన్నీ రాశాం. శాస్త్రవేత్తలతో చేను చూపించి నష్టం అంచనా వేయించమని అడిగాం. అదే కాగితం షాపుకూ కంపెనీకీ రిజిస్టర్ పోస్టులో పంపాం, "ఫలానా తేదీన తనిఖీ ఉంది, మీ మనిషిని పంపండి" అని. ఈ ఒక్క పని చేయకపోతే, మాకు చెప్పకుండా చేసిన తనిఖీ చెల్లదని వాళ్లు అనేవాళ్లు.

కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రం మాకు దగ్గరే. అక్కడి శాస్త్రవేత్తలు, వ్యవసాయ అధికారి కలిసి వచ్చారు. చేనులో నాలుగైదు చోట్ల చదరపు మీటరు చట్రం వేసి కుదుళ్లు లెక్కపెట్టారు. వాళ్లు రాసుకున్నదాంట్లో ఒక ముక్క తర్వాత మా కేసును నిలబెట్టింది. కేళీలు నాటిన కుదుళ్లలోనే ఉన్నాయా, కుదుళ్ల మధ్య ఖాళీలో మొలిచాయా అని వాళ్లు ప్రత్యేకంగా చూశారు. కిందటి పంటలో రాలిన గింజ మొలిస్తే అది ఎక్కడపడితే అక్కడ లేస్తుంది. మా చేనులో అవి నాటిన కుదుళ్లలో ఉన్నాయి. అంటే నారుతోనే వచ్చాయి, నారు సంచిలోని విత్తనంతో వచ్చింది. పైగా మేం నారుమడి పోసింది అంతకుముందు కూరగాయలు వేసిన మడిలో. అది కూడా రాయమని నాయిన అడిగాడు, రాశారు. దిగుబడి నష్టం 30 శాతం ఉంటుందని అంచనా వేశారు.

కంపెనీ తరఫున ఒకతను వచ్చాడు. గట్టు మీదనే నిలబడ్డాడు, పంచనామా మీద సంతకం పెట్టనన్నాడు. వ్యవసాయ అధికారి అతనితో వాదించలేదు. "కంపెనీ ప్రతినిధి హాజరయ్యారు, సంతకానికి నిరాకరించారు" అని రాసి, పక్క పొలాల రైతుల చేత సాక్షి సంతకాలు పెట్టించారు. సంతకం పెట్టకపోవడం వల్ల కంపెనీకి ఒరిగిందేమీ లేదు. అతను వచ్చాడన్నది నమోదైపోయింది కదా.

అదే లాటు వేసిన వాళ్లు మా ఊళ్లో ఇంకా ఉన్నారు. మా చిన్నాయిన ఒకడు. ఆయన దగ్గర బిల్లు లేదు, తెల్ల చిట్టీ కూడా పోయింది. ఫోన్‌పేలో షాపుకు కట్టిన పైసలు మాత్రం కనపడుతున్నాయి, సంచి కొట్టంలో ఉంది, దాని అంచున కుట్టిన ఆకుపచ్చ ట్యాగు చెక్కుచెదరలేదు. ఆకుపచ్చ ట్యాగంటే కంపెనీ తన పూచీ మీద తానే రాసుకున్న లేబుల్. సర్కారు ధ్రువీకరణ ఉంటే నీలం ట్యాగు ఉంటుంది. మా సంచి ట్యాగు, ఆయన సంచి ట్యాగు రెండింటి మీదా ఒకే లాట్ నంబరు. రెండూ పక్కపక్కన పెట్టి ఫొటో తీశాను. కేసు వెయ్యి చిన్నాయినా అంటే, "నువ్వు నడిపియ్యి బిడ్డా, నేను సాక్షి చెప్తా" అన్నాడు. అఫిడవిట్ ఇచ్చాడు.

కోత వచ్చింది. ఆగితే ముందు ఈనిన గింజ రాలిపోతుంది, తొందరపడి కోస్తే అసలు పంట పచ్చిగా ఉండి తాలు పడుతుంది. మధ్యేమార్గంగా కోశాం. అంతకుముందు ఏడాది ఎకరాకు 24 క్వింటాళ్లు వచ్చాయి, మిల్లు తక్‌పట్టీ, అంటే తూకం చీటీ, ఉంది. ఈసారి 15 దాటలేదు. మిర్యాలగూడకు ట్రాక్టరు తీసుకుపోతే మిల్లువాళ్లు గుప్పెడు వడ్లు చేతిలో నలిపి చూసి, "కలగాపులగం ఉంది, వద్దు" అన్నారు. చివరికి ఒక వ్యాపారి క్వింటా 1,600కు కొన్నాడు. ఆ ఏడాది గ్రేడ్-ఏ వడ్లకు సర్కారు మద్దతు ధర 2,060.

ఫిర్యాదు తయారు చేసేటప్పుడు చట్టం చదివాను. ఇప్పుడున్నది 2019 నాటి చట్టం, 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చింది. 1986 నాటి పాత చట్టం కంటే మనలాంటి వాళ్లకు ఇందులో ఒక మేలుంది. కంపెనీ ఆఫీసు ఏ రాష్ట్రంలో ఉన్నా, మనం ఉండే చోటే, అంటే మన జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. మా బిల్లు మీద కంపెనీ అడ్రసు వేరే రాష్ట్రంది. పాత చట్టమే ఉంటే మొదటి వాయిదా అంతా ఆ గొడవకే పోయేదేమో. ఫీజు సంగతి కూడా చెప్పాలి. మనం అడిగే నష్టపరిహారాన్ని బట్టి కాదు, వస్తువుకు కట్టిన ధరను బట్టి లెక్క. 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. మేం కట్టింది 4,600. కేసు వేయడానికి ఖర్చయ్యింది జెరాక్సులకు, నోటరీకి, పోస్టుకు. జిల్లా కమిషన్ 50 లక్షల దాకా చూడగలదు. గడువు మాత్రం రెండేళ్లు. నష్టం జరిగిన నాటి నుంచి రెండేళ్లు దాటితే ఆలస్యానికి కారణం చూపి క్షమించమని అడగాల్సి ఉంటుంది.

వకీలును పెట్టుకోవడం తప్పనిసరి కాదు. బిల్లు నాయిన పేరు మీద ఉంది కాబట్టి కేసు ఆయన పేరునే వేశాం. ఆయన తరఫున మాట్లాడడానికి నాకు అధికార పత్రం రాసిచ్చాడు. ఫిర్యాదు నేను తెలుగులో రాసుకున్నాను. నల్గొండలో మా బంధువులకు తెలిసిన ఒక వకీలు గారు దాన్ని ఇంగ్లీషులో చక్కగా పెట్టించారు, పైసలు తీసుకోలేదు. ఆయన చెప్పిన మాటే ఒకటి రాస్తాను: "అమ్మా, కోపం రాయకు. తేదీలు రాయి." మూడు పేజీల ఫిర్యాదులో ఏ తేదీన ఏం జరిగిందో వరుసగా పెట్టి, ప్రతి వాక్యానికి వెనక ఏ కాగితం ఉందో నంబరు వేశాం. బిల్లు ఏ-1, ట్యాగు ఏ-2, అర్జీ ఏ-3, శాస్త్రవేత్తల నివేదిక ఏ-4, అట్ల. ఫొటోలకు సాక్ష్యాధారాల చట్టం 65-బి కింద సర్టిఫికెట్ కూడా జతచేశాం, ఏ ఫోనుతో ఎవరు తీశారో చెప్తూ. ఇప్పుడు ఆ చట్టం మారింది, 2024 జులై నుంచి భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది, అందులో ఇదే పనికి 63వ సెక్షన్ ఉంది.

కేసు స్వీకరించాక షాపుకూ కంపెనీకీ నోటీసులు పోయాయి. జవాబు దాఖలు చేయడానికి వాళ్లకు 30 రోజులు, కమిషన్ ఒప్పుకుంటే ఇంకో 15. అంతకు మించి ఒక్కరోజు కూడా ఇవ్వడానికి లేదని 2020 మార్చిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. కంపెనీ వకీలు ఆఖరి రోజుల్లో కౌంటర్ వేశాడు.

ఆ కౌంటర్ చదివిన రాత్రి నాయినకు నిద్ర పట్టలేదు. అందులో నాలుగు మాటలున్నాయి. ఒకటి, రైతు వడ్లు అమ్ముకుంటాడు కాబట్టి అది వ్యాపారం, అతను వినియోగదారుడు కాదు. రెండు, విత్తనాల మీద ఫిర్యాదు ఉంటే 1966 విత్తనాల చట్టం కింద పోవాలి, కమిషన్‌కు అధికారం లేదు. మూడు, విత్తనం ల్యాబులో పరీక్షించిన రిపోర్టు లేదు. నాలుగు, కేళీలు కిందటి పంటలో రాలిన గింజలవి. కౌలు పొలానికి పట్టా లేదన్న మాట కూడా అందులోనే ఎక్కడో పెట్టారు. "గిన్నేండ్ల సంది ఎవుసం చేస్తున్న, నన్ను యాపారి అంటరా" అని నాయిన తెల్లారేదాకా అంటూనే ఉన్నాడు.

మొదటి మూడింటికీ జవాబు ఎప్పుడో వచ్చేసింది. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులే తెచ్చారు దాన్ని. జాతీయ విత్తన సంస్థకూ మధుసూదన్ రెడ్డి అనే రైతుకూ మధ్య నడిచిన కేసులో 2012 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. విత్తనం కొన్న రైతు వినియోగదారుడే. విత్తనాల చట్టం ఉన్నంత మాత్రాన వినియోగదారుల చట్టం తలుపు మూసుకుపోదు. ఇక పరీక్ష సంగతి: రైతు కొన్న విత్తనమంతా చల్లేస్తాడు, రేపు కేసు పడుతుందేమోనని కొంత దాచిపెట్టుకుంటాడని ఆశించడం సరికాదు. ఈ తీర్పు కాపీ తీసుకుని అవసరమైన పేరాల కింద గీతలు గీసి ఇచ్చాం. విత్తనం మీద కేసు వేసే ఏ రైతైనా ఈ ఒక్క తీర్పు చేతిలో పెట్టుకుని పోవాలని నా గట్టి నమ్మకం. కంపెనీల కౌంటర్లలో ఈ మూడు మాటలే ఇప్పటికీ తిరుగుతుంటాయి.

నాలుగో దానికి జవాబు సుప్రీంకోర్టులో లేదు, మా పొలంలో ఉంది. శాస్త్రవేత్తల నివేదికలో "నాటిన కుదుళ్లలో" అన్న మాట. కమిషన్ తీర్పులో ఆ మాటను అట్లనే ఎత్తి రాశారు. లాటులో సంచులు మిగిలి ఉంటే వాటిని పరీక్షించమని కంపెనీనే అడగొచ్చు కదా, ఎందుకు అడగలేదని కూడా అందులో రాశారు.

మధ్యలో రాజీ కుదురుతుందేమో చూడమని కమిషన్ అడిగింది. చట్టంలోనే మధ్యవర్తిత్వానికి చోటుంది. కంపెనీ 15 వేలు ఇస్తామంది. నాయిన ఒప్పుకోలేదు. ఆయన ఒప్పుకుని ఉంటే కూడా నేను ఏమీ అనేదాన్ని కాదు. వాయిదాకు పోయిన ప్రతిసారీ ఒక రోజు కూలి పోతుంది, బస్సు చార్జీలు పోతాయి. పరీక్ష అవసరం లేని కేసు మూడు నెలల్లో, అవసరమైతే అయిదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం అంటుంది. మాది చాలా ఎక్కువ కాలం పట్టింది. అవతలి వకీలు గడువు అడగడం, ప్రూఫ్ అఫిడవిట్, రాతపూర్వక వాదనలు, మళ్లీ వాయిదా. ఈ ఆలస్యమే రైతును రాజీకి నెడుతుంది, కంపెనీలకు అది తెలుసు. ఇందులో నాకు ఇప్పటికీ కోపం ఉంది.

తీర్పు 2025లో వచ్చింది. మేం లెక్కవేసుకున్న 36 క్వింటాళ్ల నష్టాన్ని కమిషన్ ఒప్పుకోలేదు, శాస్త్రవేత్తలు చెప్పిన 30 శాతాన్నే తీసుకుంది. 96 క్వింటాళ్లలో 30 శాతం, మద్దతు ధర ప్రకారం 59,328 రూపాయలు. విత్తనం ఖరీదు 4,600. ఈ మొత్తానికి కేసు వేసిన నాటి నుంచి 9 శాతం వడ్డీ. మనోవేదనకు 10 వేలు, ఖర్చులకు 5 వేలు. తక్కువ ధరకు అమ్ముకున్న నష్టం మాత్రం ఇవ్వలేదు, ఎందుకంటే ఆ వ్యాపారి కాగితం ఇవ్వడు, ఎవరికీ ఇవ్వడు. కౌలు పొలం నష్టం కూడా కలిపే ఇచ్చారు. పట్టా ఎవరిదైనా విత్తనం కొన్నది, సాగు చేసింది ఎవరన్నదే ముఖ్యమని, తనిఖీ నివేదికలో సాగుదారుగా నాయిన పేరే ఉందని రాశారు. కౌలు రైతులు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి. తనిఖీకి వచ్చినప్పుడే సాగుదారు అన్న గడిలో మీ పేరు రాయించుకోండి, పట్టాదారు పేరు రాసి వదిలేయనీయకండి.

షాపు మీద కేసు కొట్టేశారు. సీలు వేసిన సంచి వచ్చింది వచ్చినట్టే అమ్మాడు, బిల్లు ఇచ్చాడు, అతని తప్పేమీ రుజువు కాలేదు. నాకు అది న్యాయంగానే అనిపించింది. అట్లని షాపును చేర్చకుండా కేసు వేయమని చెప్పను. సంచి ఎవరు ఎక్కడి నుంచి తెచ్చారో చెప్పాల్సింది షాపువాడే, అతను కౌంటర్‌లో ఆ లాటు కంపెనీ నుంచే వచ్చిందని ఇన్వాయిస్‌తో సహా ఒప్పుకోవడం మాకు కలిసొచ్చింది.

తీర్పు వచ్చినంత మాత్రాన పైసలు రావు. అప్పీలుకు 45 రోజులు గడువుంది, కంపెనీ అప్పీలుకు పోవాలంటే తీర్పు సొమ్ములో సగం ముందు కట్టాలి. వాళ్లు అప్పీలుకూ పోలేదు, కట్టనూ లేదు. గడువు దాటగానే అమలు పిటిషన్ వేశాం. కమిషన్ ఉత్తర్వు సివిల్ కోర్టు డిక్రీలాగా అమలవుతుంది. అదీ కాక 72వ సెక్షన్ కింద ఉత్తర్వు పాటించనివాళ్లకు నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, లేదంటే 25 వేల నుంచి లక్ష దాకా జరిమానా, లేదా రెండూ వేయొచ్చు. ఆ సెక్షన్ కింద నోటీసు అందాక కంపెనీ డీడీ తెచ్చి జమ చేసింది.

మా కేసు సంగతి తెలిసి నాగర్‌కర్నూలు వైపు మా మేనమామ ఊరి నుంచి ఒకాయన వచ్చాడు. వేరుశనగ విత్తనం సరిగా మొలవలేదు. బిల్లుంది, వ్యవసాయ అధికారి తనిఖీ రాత ఉంది, రెండేళ్ల గడువు దగ్గర పడుతోంది. ఇప్పుడు ఆన్‌లైన్‌లో వేయడానికి ఈ-జాగృతి పోర్టల్ వచ్చింది, 2025 జనవరి నుంచి నడుస్తోంది. ఆయన కాగితాలు స్కాన్ చేసి పెట్టాను. విత్తనం చల్లిన తేదీ ఒక్కటి బిల్లుకూ తనిఖీ రాతకూ సరిపోలడం లేదు, అది సరిచూసుకుని రమ్మన్నాను. రాగానే దాఖలు చేస్తాం.